సాక్ష్యం చెప్పింది నేనే, మునిగింది నేనే. ఇప్పుడు చర్చికి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

ఏటుకూరురోడ్_టిక్కీ
సోమవారం, రాత్రి 11:52

అందరికీ వందనాలు. ఇక్కడ బిర్యానీలు, ట్రాఫిక్, కరెంటు కోతల గురించే ఎక్కువ రాసుకుంటారని తెలుసు, కానీ తెలిసినోళ్ళకి చెప్పుకోలేక తెలియనోళ్ళకి చెప్పుకుందామని రాస్తన్నా, తిట్టాలనుకుంటే తిట్టండి.

మాది గుంటూరు. మిర్చి యార్డులో చిన్న వ్యాపారం. 2022లో ఒక 80 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెడితే మరుసటి ఏడు రేటు బ్రహ్మాండంగా వచ్చింది, అప్పులన్నీ తీరాయి, ఇంటి మీద ఇంకో గది వేశా. 2023 డిసెంబర్ 31 రాత్రి కూడికలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పా, దేవుడు నన్ను లేవనెత్తాడని, నమ్మినోడు సిగ్గుపడడని. అందరూ ఆమేన్ అన్నారు, కొంతమంది ఏడ్చారు కూడా. ఆ రాత్రే వాగ్దాన కార్డులు పంచారు, కొత్త ఏడాదికి తలా ఒక బైబిల్ వాక్యం, నాకొచ్చింది 'రెండంతలుగా మీకు మేలు చేసెదను'. ఇంకేముంది, నాకోసమే రాసినట్టు అనిపించింది.

2024 సీజన్లో 400 టిక్కీలు కొన్నా. తేజ రకం, క్వింటా 19 వేల చొప్పున. బ్యాంకు లోను, మా ఆవిడ బంగారం, ఇవిగాక ఒకాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి. తర్వాత కథ యార్డులో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లా. చివరికి 11 వేలకి వదిలించుకున్నా. అసలులోనే పదమూడు లక్షలు పైన పోయింది, ఏసీ అద్దె, వడ్డీ వేరే.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. నాలుగు నెలల నుంచి చర్చికి వెళ్ళట్లా. ఆదివారం పొద్దున్నే పనుందని బండేసుకుని బయటికి పోతన్నా. మొన్న అట్టాగే సీతానగరం దాకా పోయి బ్యారేజీ మీద బండి ఆపుకుని చాలాసేపు నిలబడ్డా. విశ్వాసం మీద ఆధారపడమంటారు గదా, నేను ఆధారపడింది విశ్వాసం మీదా లేకపోతే కార్డు మీదా, అది అర్థం కావట్లా.

—

బెంజ్‌సర్కిల్_హేతువాది
సోమవారం, రాత్రి 11:59

అన్నా ముందు ఒక్కటే ప్రశ్న. బ్యారేజీ మీద ఎందుకు నిలబడ్డావు? ఊరికే గాలికా, ఇంకేదన్నానా? తప్పుగా అనుకోవద్దు, ఇంకేదన్నా అయితే 14416 కి చెయ్యి, టెలీ మానస్, సర్కారుది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది మనం రేపు పోట్లాడుకుందాం. నువ్వు రిప్లై ఇచ్చేదాకా నేను మేలుకునే ఉంటా.

—

ఏటుకూరురోడ్_టిక్కీ
మంగళవారం, రాత్రి 12:20

అంత దూరం పోలేదు బ్రదర్. అంటే ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. మా చిన్నోడు ఫోన్ చేశాడు, స్కూల్ ప్రాజెక్టుకి చార్టు తెమ్మని, వెనక్కి తిరిగా. నంబర్ రాసుకున్నా. థాంక్స్.

—

విజయశిఖరం_బ్రదర్
మంగళవారం, ఉదయం 6:10

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్!! శోధన వచ్చిందంటే ఎక్కడో ద్వారం తెరిచి ఉందని. మీరు లాభం వచ్చినప్పుడు దశమభాగం పూర్తిగా ఇచ్చారా? గది వేశానన్నారు, దేవుని భాగం తీశాకే వేశారా? మలాకీ 3:10 ఒకసారి మోకాళ్ళ మీద చదవండి. 21 రోజులు ఉపవాసం పట్టండి, పోయినదానికి రెట్టింపు వస్తుంది, నేను ప్రవచిస్తున్నాను. ఆమేన్ అని టైప్ చేయండి.

—

సింగ్‌నగర్_అక్క
మంగళవారం, ఉదయం 7:35

ఆమేన్ టైప్ చెయ్యను బ్రదర్, ఏమనుకోవద్దు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపకుండా ఉన్నంతసేపు బానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది.

టిక్కీ తమ్ముడూ, నాది విజయవాడ సింగ్‌నగర్, కుట్టుపని. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, చర్చికి రెడీ అవుతున్నాం, పాపకి జడ వేస్తన్నా, గుమ్మంలోకి నీళ్ళొచ్చాయి. బుడమేరు. గంటలో మంచం మునిగింది. మూడు మిషన్లు, పెళ్ళిళ్ళ సీజన్ జాకెట్లు, మగ్గం వర్క్ చేసినవి, అన్నీ బురద. మేం డాబా మీద. అది కూడా పక్కింటోళ్ళ డాబా.

ఎంత ప్రార్థన చేశానో అనుకుంటున్నావేమో, నిజం చెప్తున్నా, ఒక్క ముక్క రాలా. దాహం వేసేది, నీళ్ళ మధ్యలో ఉండి తాగటానికి నీళ్ళు లేవు. ఎప్పటికో పడవలో ఒక కుర్రాడు వచ్చి పులిహోర పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు విసిరాడు. ఎవరో తెలీదు, ఏ మతమో తెలీదు. తిని పడుకున్నా, అట్టా నిద్రపోలేదు నా జన్మలో.

తర్వాత ఎప్పుడో 1 రాజులు 19 చదువుతుంటే ఏలీయా దగ్గర ఆగిపోయా. అంత పెద్ద ప్రవక్త చెట్టు కింద కూలబడి ఇక చాలు నన్ను చంపెయ్ అన్నాడు గదా. దేవుడు అప్పుడు ప్రసంగం చెయ్యలా, తప్పు ఎంచలా. రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. మాటలన్నీ తర్వాత, చాలా రోజులు నడిచాక. నువ్వు సరిగ్గా తింటున్నావా తమ్ముడూ? మీ ఆవిడకి బంగారం సంగతి తప్ప మిగతాది తెలుసా?

నీళ్ళు తీశాక మా పాస్టరమ్మగారు బకెట్టు, చీపురు పట్టుకుని వచ్చి మా ఇంట్లో బురద ఎత్తిపోశారు. ఆ రోజు ఒక్క వాక్యం కూడా చెప్పలా ఆవిడ. చెప్పుంటే నేను వినేదాన్నీ కాదు. జాకెట్ల డబ్బులు మాత్రం ఇంకా కడుతున్నా, ఇద్దరికి బాకీ ఉంది.

—

బెంజ్‌సర్కిల్_హేతువాది
మంగళవారం, ఉదయం 9:05

హమ్మయ్య, మనిషి ఉన్నాడు. ఇక పోట్లాడుకుందాం.

మేముండేది నాస్తిక కేంద్రం పక్క వీధిలో, నా అభిప్రాయం ఎలా ఉంటుందో మీకు ముందే తెలుసు. రేటు పెరిగిందని రైతులందరూ మిరపే వేశారు, సరుకు ముంచెత్తింది, ఎగుమతి తగ్గింది, రేటు పడింది. 2025 ఫిబ్రవరికి కేంద్రమే దిగొచ్చి క్వింటాకి 11,781 అని రేటు ప్రకటించాల్సి వచ్చింది, అదీ రైతులకి, మీలాంటోళ్ళకి కాదు. ఇందులో దేవుడి శిక్షా లేదు, అంతకు ముందు లాభంలో దేవుడి దీవెనా లేదు. లాభం వచ్చినప్పుడు దేవుడి ఖాతాలో రాసినోడు నష్టం వచ్చినప్పుడు తన ఖాతాలో రాసుకోవాల్సి వస్తుంది, అదే మీకు నొప్పి.

—

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

హేతువాది గారు, మీ చివరి వాక్యం మా అయ్యగారు ప్రసంగంలో చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణి.

నాయనా టిక్కీ, నేను రిటైరైన టీచర్ని, తాతల నాటి నుంచి లూథరన్లం. నీ కార్డు మీద ఉన్నది జెకర్యా 9:12. ఇంట్లో బైబిల్ తీసి ఆ వచనం మొదటి నుంచీ చదువు. కార్డు మీద రెండో సగమే వేశారు. మొదటి సగం ఇది, 'బంధకములలో పడియుండియు నిరీక్షణగలవారలారా'. అంటే ఆ మాట చెప్పింది లాభంలో ఉన్నవాడికి కాదు, బందీకి. పైవచనం చూడు, నీళ్ళు లేని గోతిలో ఉన్నవాళ్ళ ప్రస్తావన. ఆ కార్డు నీకు 2023 డిసెంబర్లో, గది వేసుకుని మైకు పట్టుకున్న రోజున వచ్చింది, అప్పుడది నీ అడ్రసుకి వచ్చిన ఉత్తరం కాదు. ఇప్పుడు చదివితే నీ అడ్రసేనేమో.

అట్లాగని ఇప్పుడు మిరప రేటు రెండంతలవుద్దని నేను అనను. యార్డుకీ జెకర్యాకీ ఏ సంబంధం లేదు.

ఇంకో సంగతి చెప్తా, మా మనవడు తాతా మళ్ళీ చరిత్రా అంటాడు, అయినా చెప్తా. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఏళ్ళకేళ్ళు గడిచినా చేరినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది దండగ, మూసేద్దాం అని అమెరికాలో వాళ్ళ పెద్దలు ఒకటికి రెండుసార్లు కూర్చుని చర్చించారు. మ్యాపు మీద ఒక్కటే చుక్కలా ఉందని దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడిపోయింది. తర్వాత 1876-78 కరువొచ్చింది. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, తిండికోసం చేరారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది.

—

డీఎస్సీ_మళ్ళీ
మంగళవారం, సాయంత్రం 5:48

మాస్టారూ సారీ, కానీ ఇది కూడా చివర్లో గెలిచిన కథే కదా. మనకి ఎప్పుడూ 2,222 వచ్చాకే కథ చెప్తారు.

నేను మెగా డీఎస్సీ రాశా, 16,347 టీచర్ పోస్టులు, మాటల్లో చెప్పాలంటే సముద్రం, అందులో నాకు చెంచాడు నీళ్ళు దొరకలా. కొంచెంలో పోయింది. మా ఫ్రెండ్‌కి వచ్చింది, చర్చిలో సాక్ష్యం చెప్పింది, 'నేను చదివింది తక్కువే, దేవుడే రాయించాడు' అని. నేను పక్క బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టా. మరి నాతో ఎందుకు రాయించలా? ఎవర్ని అడగాలి ఇది? రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా చదివింది నేను కదా.

ఆ తర్వాత కీర్తనలు వరసగా చదువుకుంటూ పోతే 88 దగ్గర ఆగా. మిగతా చాలా కీర్తనల్లో ఎంత ఏడ్చినా చివరికొచ్చేసరికి ఎక్కడో స్తుతి ఉంటుంది, ఇందులో లేదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను', అంతే, అయిపోయింది. ఎవరో దాన్ని తీసేయకుండా బైబిల్లో ఉంచారు చూడండి. మా చర్చిలో మాత్రం దాన్ని చదవగా నేను ఎప్పుడూ వినలా.

—

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, రాత్రి 8:15

తల్లీ, నువ్వన్నది నిజం. నేను కరువు అన్న ఒక్క మాటతో దాటేశాను. ఆ కరువులో పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ప్రార్థన చేసినవాళ్ళూ ఉండే ఉంటారు. 2,222 లెక్క మనకి నోటికి వచ్చు, వాళ్ళ లెక్క నాకే కాదు ఎవరికీ నోటికి రాదు.

గుడ్ ఫ్రైడేకి సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది ఒక ఏడాది నన్ను చెప్పమన్నారు. 'ఏలీ ఏలీ లామా సబక్తానీ', నా దేవా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచితివి అని. మా ఆవిడ పోయిన మొదటి ఏడు అది. పది నిమిషాలు టైమిచ్చారు, నేను ఆ మాట చదివి, తెలుగు అర్థం చెప్పి, దిగిపోయాను. పెద్దలు విసుక్కున్నారు. వెనక వరుసలో ఒకామె మాత్రం బయటికొచ్చాక చెయ్యి పట్టుకుంది.

నీ 88కి నా దగ్గర జవాబు లేదమ్మా.

—

గుణదల_ఆటో
మంగళవారం, రాత్రి 10:40

మేం ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళం, మీ వాగ్దాన కార్డులు మాకు అంతగా అలవాటు లేదు, కానీ ఒకటి చెప్తా. నాది గుణదల స్టాండు. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్ళకి ఊపిరి ఆడదు, అన్ని మతాలోళ్ళూ వస్తారు, 1924లో అర్లాటి ఫాదర్ గారు మేరీమాత స్వరూపం పెట్టినప్పటి నుంచి నడుస్తందిది. మొక్కు తీరినోళ్ళు గుంపుగా దిగుతారు, కొబ్బరికాయలు, తలనీలాలు, పిల్లలు, ఫొటోలు, బేరాలు గట్టిగా ఆడతారు.

మొక్కు తీరనోళ్ళు మామూలు రోజుల్లో వస్తారు. పొద్దున్నే, ఒంటరిగా. మాట్లాడరు. చిల్లర కూడా అడగరు. ఒకామెని మూడేళ్ళుగా చూస్తన్నా, నెలకోసారి వస్తది, ఏం అడుగుతుందో తెలీదు, అది తీరలేదని మాత్రం మొహం చూస్తే తెలుస్తది. అయినా వస్తది. నా లెక్కలో విశ్వాసి అంటే ఆవిడ. టిక్కీ అన్నా, నువ్వు లాభం వచ్చినోడి టైంలో పోయి కూర్చోవటం అలవాటై, ఇప్పుడు ఏ టైంలో పోవాలో తెలీక తిరుగుతన్నావు అంతే. విజయవాడ వస్తే ఫోరంలో మెసేజ్ పెట్టు, కొండ దాకా ఫ్రీ.

—

విజయశిఖరం_బ్రదర్
బుధవారం, ఉదయం 6:05

మానవ జ్ఞానంతో మాట్లాడుతున్నారు అందరూ. ఓటమిని ఒప్పుకోవడం అవిశ్వాసం. నోటితో ఏది పలికితే అదే జరుగుతుంది.

—

అరండల్‌పేట_ఆడిటర్
బుధవారం, ఉదయం 10:22

బ్రదర్ గారూ, నోటితో పలికితే జరిగేట్టయితే మా ఆఫీసు ఎప్పుడో మూసేసేవాణ్ణి. నేనూ సంఘ పెద్దనే, ప్రార్థన వద్దని చెప్పట్లేదు. పౌలే తన ఒంట్లో ముల్లు తీయమని మూడుసార్లు వేడుకున్నా దేవుడు తీయలేదు, 'నా కృప నీకు చాలును' అన్నాడు, అంతే కదా దొరికింది.

టిక్కీ గారూ, లెక్కల సంగతికి వద్దాం. ఎవరెవరికి ఎంత, ఏ వడ్డీకి, అంతా ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో రాయండి. మనిషి భయం సగం కాగితం మీదకి దిగుతుంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36, ముందు దాని సంగతి చూడాలి. గది మీద ఆశ ఉంటే వదులుకోండి, అద్దెకిచ్చి ఆ డబ్బు అటు కట్టండి. పాత అప్పు తీర్చటానికి కొత్త అప్పు చెయ్యొద్దు, ఫోన్ యాప్ లోన్ల జోలికి అసలే పోవద్దు. బ్యాంకు వాళ్ళు వచ్చేదాకా దాక్కోకండి, మీరే పోయి కూర్చోండి, వాయిదాలు మార్చమని అడగొచ్చు, మరీ కుదరకపోతే ఓటీఎస్ (కొంత తగ్గించి ఒకేసారి తేల్చుకోవటం) అడగొచ్చు, కానీ దానివల్ల సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, అది చివరి మాట. ప్రైవేటు ఆయన దగ్గర ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు ఏమైనా సంతకం పెట్టి ఇచ్చారా? అది మాత్రం ఇక్కడ రాయకండి, మెసేజ్‌లో చెప్పండి.

భార్యకి పూర్తిగా చెప్పనోడికి నేను ఫైలు చూడను. ఇది నా రూలు.

—

బెంజ్‌సర్కిల్_హేతువాది
బుధవారం, ఉదయం 11:10

నాకు ఒక అనుమానం. నష్టపోయినోళ్ళు చర్చిలో మీరొక్కరే కాదు కదా, యార్డు ఊళ్ళో సగం మంది మునిగుంటారు. అంత సిగ్గు దేనికి? ఇంకేదో ఉంది, చెప్పట్లేదు మీరు.

—

ఏటుకూరురోడ్_టిక్కీ
బుధవారం, రాత్రి 11:30

ఉంది.

నా సాక్ష్యం విని మా చర్చిలో ఇంకో ఆయన 100 టిక్కీలు పెట్టాడు. కూతురి పెళ్ళికి దాచినవి. నేను పెట్టమని చెప్పలా, అడిగితే మాత్రం 'దేవుడు నాకు చేసినోడు నీకు చెయ్యడా' అన్నా. సరుకు నేనే చూసి పెట్టా, ఏసీ కూడా నేనే మాట్లాడా. ఆ పెళ్ళి వాయిదా పడింది. ఆయన ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలా, అదే భరించలేకపోతన్నా. దేవుడి ముందు నిలబడటం పెద్ద కష్టం కాదు, ఆయన వెనక బెంచీలో కూర్చోవటం కష్టం.

రాత్రి మా ఆవిడకి అంతా చెప్పా. చాలాసేపు మాట్లాడలా. తర్వాత 'బంగారం సంగతి నాకు తెలుసు, ఆయన సంగతి నాకెందుకు చెప్పలేదు' అంది, అంతే, లేచి వెళ్ళి పడుకుంది.

—

సింగ్‌నగర్_అక్క
గురువారం, ఉదయం 7:20

ఇప్పుడు అసలు మాట చెప్పావు. ఆయనకి డబ్బు ఇవ్వలేవు, సరే. పోయి చెప్పు తమ్ముడూ, నా మాట వల్ల నువ్వు పడ్డావు అని. నీ తప్పు ఎంతో ఆయనే చెప్తాడు, తక్కువైనా ఎక్కువైనా. ఇది మాత్రం ప్రార్థనలో తేలే సంగతి కాదు, గుమ్మం ఎక్కాల్సిందే.

—

డీఎస్సీ_మళ్ళీ
గురువారం, ఉదయం 8:02

అన్నా, ఎవరూ మధ్యలో సాక్ష్యం చెప్పరు. నువ్వు చెప్తే నేను గుంటూరు వచ్చి వింటా. నిజంగా.

—

ఏటుకూరురోడ్_టిక్కీ
ఆదివారం, రాత్రి 9:45

అందరూ అడుగుతున్నారు, అందుకే రాస్తన్నా. పెద్దగా ఏం జరగలా.

శనివారం సాయంత్రం అయ్యగారి దగ్గరికి కార్డు తీసుకుని పోయా. మాస్టారు చెప్పినట్టు జెకర్యా తీసి మొత్తం చదివించా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'ప్రింటింగ్‌కి ఇచ్చింది నేనే, కార్డు మీద అంతే పట్టింది' అన్నారు. తర్వాత నా సంగతి చెప్పా. ఆదివారం చెప్తావా అన్నారు, వద్దన్నా. బలవంతం చెయ్యలా. టీ తాగించారు.

ఇవాళ వెళ్ళా. చివరి బెంచీ. మా ఆవిడ ముందు వరసలో ఆడోళ్ళతో కూర్చుంది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి 'అప్పుల్లో ఉన్నా, నా మాట నమ్మి ఇంకొకరు నష్టపోయారు, మా ఇద్దరి కోసం ప్రార్థన చేయండి' అన్నా. అంతకంటే గొంతు రాలా. ఎవరూ ఆమేన్ అనలా, కాసేపు ఫ్యాను చప్పుడే. పాట ఎత్తుకోవటం కూడా మర్చిపోయారు.

బయట చెప్పుల దగ్గర ఆయన కనపడ్డాడు. నేను దగ్గరికి పోయి, అన్నా నా వల్లే, అన్నా. ఆయన నా మొహం చూడలా. 'బండి కొంచెం పక్కకి తీయ్, నాది ఇరుక్కుంది' అన్నాడు. తీశా. వెళ్ళేటప్పుడు మాత్రం ఆగి, 'వచ్చేవారం ఇంటికి రా, పిల్లతో కూడా చెప్పు ఆ మాట' అన్నాడు. అది కోపమో పిలుపో నాకు అర్థం కాలా. వెళ్తా.

—

బెంజ్‌సర్కిల్_హేతువాది
ఆదివారం, రాత్రి 10:01

వెళ్ళు. మీ దేవుడి గురించి నా అభిప్రాయం మారలేదు, నీ గురించి మారింది.

—

గుణదల_ఆటో
ఆదివారం, రాత్రి 10:30

ఫ్రీ రైడ్ ఆఫర్ ఇంకా ఉంది, ఆయన్ని కూడా తీసుకురా.

—

అరండల్‌పేట_ఆడిటర్
సోమవారం, ఉదయం 9:15

మీ ఆవిడకి చెప్పారు కాబట్టి బుధవారం నాలుగింటికి రండి. తెల్ల కాగితం, లోను పాస్‌బుక్, ఏసీ రసీదులు, ఆధార్ జిరాక్సులు రెండు. ఆయన 100 టిక్కీల కాగితాలు కూడా ఇస్తే తీసుకురండి, రెండూ కలిపి చూద్దాం.